కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టాక ఆట మధ్యలో సిస్టమ్ ఆగిపోతోంది, ఏం మార్చాలి?

కరీంనగర్ జిల్లాలోని ఒక మండల కేంద్రం నుంచి ఇరవై నాలుగేళ్ల యువకుడు రాసిన ఉత్తరం ఇది. 2019లో ఆయన బీటెక్‌లో చేరినప్పుడు, మోటారు వైండింగ్ దుకాణం నడిపే తండ్రి చీటీ పాడి ఒక డెస్క్‌టాప్ కొనిచ్చారు. రైజెన్ 5 2600 ప్రాసెసర్, నాలుగు ర్యామ్ స్లాట్లున్న బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, క్యాబినెట్‌తో పాటే వచ్చిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ విద్యుత్తు అందించే పెట్టె) అందులో ఉన్నాయి. ఆ తర్వాత ఆయనే మరో 8 జీబీ ర్యామ్ కొని మొదటిదాని పక్క స్లాటులో పెట్టారు. మానిటర్ 1080పీ, 75 హెర్ట్జ్. ఏడాదిపాటు జీతంలో దాచుకున్న డబ్బుతో గత వారం ఆన్‌లైన్‌లో ఆర్‌టీఎక్స్ 5060 కార్డు తెప్పించుకున్నారు. దానికి కావలసిన 8 పిన్నుల కనెక్టర్ పాత ఎస్‌ఎంపీఎస్‌లో లేకపోవడంతో, మోలెక్స్ (పాత హార్డ్ డిస్కుల్లాంటి వాటికి కరెంటిచ్చే కనెక్టర్) నుంచి 8 పిన్నులకు మార్చే వైరు ఒకటి కొని తగిలించారు.

ఇప్పుడు సైబర్‌పంక్ 2077 లాంటి పెద్ద ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు సిస్టమ్ టక్కున ఆగిపోతోంది. స్నేహితులతో ఆడే వాలరెంట్‌లో మాత్రం ఆగడం లేదు కానీ, సెకనుకు 110 దగ్గరున్న ఫ్రేములు కొత్త కార్డుతో కూడా అక్కడే ఉన్నాయి. కాల్పులు మొదలైతే 70కి పడిపోతున్నాయి. పట్టణంలోని ఒక దుకాణదారు ఈ బోర్డు కొత్త కార్డుకు సరిపోదని, దీనిమీద విండోస్ 11 కూడా నడవదని చెప్పి, కొత్త ప్రాసెసర్, ఏఎం5 అనే కొత్త తరం సాకెట్ ఉన్న బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్ కలిపి 58 వేలకు అంచనా రాసిచ్చారు. స్నేహితుడు ఎస్‌ఎంపీఎస్ ఒక్కటి మారిస్తే చాలంటున్నాడు. తండ్రి మాత్రం, బాగా నడుస్తున్న యంత్రాన్ని చేతులారా పాడుచేశావని, కార్డు వాపసు చేసి ఊరుకోమని అని, ఆపైన మాట్లాడటం మానేశారు. అదే కంప్యూటర్ మీద చెల్లెలు ఎప్‌సెట్ ఆన్‌లైన్ తరగతులు వింటోంది. చేతిలో 22 వేలు మిగిలాయి. కార్డు వాపసు గడువు ఇంకా ఆరు రోజులు ఉంది. ఉత్తరం చివర ఆయన ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద ఉన్న అంకెలన్నీ రాసి పంపారు. వాటిలో ఒకటి: ప్లస్ 12 వోల్టులు, 18 ఆంపియర్లు. ఎవరి మాట వినాలన్నది ఆయన ప్రశ్న.

సమాధానం:

మీకు చాలా విషయాల్లో రెండు మూడు దారులు చూపించి ఎంపిక మీకే వదిలేస్తాను, కానీ ఒక్క విషయంలో మాత్రం దారులు లేవు. ఈ సమాధానం చదివిన వెంటనే ఆ మోలెక్స్ వైరు తీసేయండి, పాత 1050 టీఐ కార్డును తిరిగి పెట్టండి. 8 పిన్నుల కనెక్టర్ మీదుగా కార్డు 150 వాట్ల దాకా తీసుకోవచ్చని దాని ప్రమాణం చెబుతోంది. 12 వోల్టుల దగ్గర 150 వాట్లంటే పన్నెండున్నర ఆంపియర్లు. అసలైన 8 పిన్నుల కనెక్టర్‌లో ఆ కరెంటును పంచుకోవడానికి మూడు 12 వోల్టుల వైర్లు ఉంటాయి. మోలెక్స్‌లో పసుపు రంగుది ఒక్కటే ఉంటుంది. మీ కార్డు అంత పూర్తిగా తీసుకోకపోయినా, ఒకే వైరు మీద, చవక పిన్నుల మీద గంటల తరబడి ఆ బరువు పెడితే ముందు ప్లాస్టిక్ మెత్తబడుతుంది. సిస్టమ్ ఆగిపోతోందని మీరు బాధపడుతున్నారు గానీ, అది ఆగిపోవడమే ఇన్నాళ్లూ మిమ్మల్ని కాపాడింది.

మీ ఉత్తరంలో రెండు ఫిర్యాదులున్నాయి. మీకు సలహా ఇచ్చినవాళ్లందరూ వాటిని ఒకటిగా కలిపేశారు. సిస్టమ్ ఆగిపోవడం ఒక జబ్బు, వాలరెంట్‌లో ఫ్రేములు పెరగకపోవడం మరొక జబ్బు. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. కంప్యూటర్ భాగాలు కొనేటప్పుడు మనం సాధారణంగా ఇది ఇందులో పడుతుందా అని మాత్రమే అడుగుతాం. పట్టడం ఒకటి, దానికి కావలసిన విద్యుత్తు సరిపోవడం ఒకటి, పక్కనున్న భాగాల వేగంతో నప్పడం ఇంకొకటి. మీ కార్డు బోర్డులో చక్కగా పట్టింది. విద్యుత్తు సరిపోలేదు. వాలరెంట్ వరకు చూస్తే ప్రాసెసర్‌తో నప్పలేదు.

మొదట విద్యుత్తు సంగతి. ఎస్‌ఎంపీఎస్ పైన 450 అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, ఈ కాలపు ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ దాదాపు పూర్తిగా 12 వోల్టుల మార్గం మీదే బతుకుతాయి. మీ లేబుల్ ప్రకారం ఆ మార్గం 18 ఆంపియర్లు, అంటే 216 వాట్లు మాత్రమే ఇస్తుంది. ఆర్‌టీఎక్స్ 5060 కార్డుకు తయారీదారు చెప్పిన వాడకమే 145 వాట్లు. రైజెన్ 5 2600ను 65 వాట్ల ప్రాసెసర్ అంటారు గానీ, మీ బోర్డులో ఉన్న ఏఎం4 సాకెట్ మీద ఆ తరగతి ప్రాసెసర్లకు 88 వాట్ల దాకా తీసుకునే అనుమతి ఉంటుంది. ఈ రెండే 233 అయ్యాయి, ఫ్యాన్లు, హార్డ్ డిస్క్, బోర్డు ఇంకా లెక్కలోకి రాలేదు. ఆట ఆడేటప్పుడు రెండూ ఒకేసారి పూర్తి స్థాయికి వెళ్లకపోవచ్చు, కానీ గ్రాఫిక్స్ కార్డులు సెకనులో వెయ్యో వంతుల పాటు తమ సగటును మించి ఎగిరి పడుతుంటాయి, ఆ క్షణాల్లోనే ఎస్‌ఎంపీఎస్ చేతులెత్తేస్తుంది. ఇన్నేళ్లూ ఏమీ కాలేదంటే కారణం, పాత 1050 టీఐ మొత్తం 75 వాట్ల కార్డు కావడమే. అది విడిగా వైరు కూడా అడగకుండా, బోర్డు స్లాటు నుంచే తనకు కావలసింది తీసుకునేది. వాలరెంట్‌లో సిస్టమ్ ఆగకపోవడం కూడా ఈ లెక్కకే సరిపోతుంది, ఎందుకంటే ఆ ఆటలో మీ కొత్త కార్డు సగం నిద్రలోనే ఉంటుంది.

అయినా డబ్బు పెట్టేముందు మరొక అనుమానాన్ని తీర్చుకోవడం మంచిది. ఆరేళ్లుగా శుభ్రం చేయని కూలర్‌లో దుమ్ము పేరుకుంటే ప్రాసెసర్ వేడెక్కి కూడా సిస్టమ్ ఆగిపోవచ్చు, మన ఎండాకాలంలో ఇది మరీ ఎక్కువ. మూత తీసి, కూలర్ ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకొని, దుమ్ము ఊదించండి. పాత కార్డుతోనే ఒక గంట ఆట ఆడి, ఉష్ణోగ్రత చూపే ఏదైనా ఉచిత ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ వేడి గమనించండి. 80 డిగ్రీల లోపే ఉంటే ఆ అనుమానం పోయినట్టే. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే నమోదు కనబడిందని, అదే రుజువని ఎవరైనా చెబితే తొందరపడకండి. సిస్టమ్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అది చెబుతుంది, ఎందుకన్నది చెప్పదు.

ఎస్‌ఎంపీఎస్ మార్చాలని నిర్ణయించుకుంటే, పేరున్న తయారీదారుది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది, 550 వాట్లకు తగ్గనిది చూడండి. ఈ కార్డుకు ఎన్‌విడియా సూచించిన కనీసం కూడా 550 వాట్లే. కానీ పెట్టె మీది అంకె కంటే లేబుల్ మీది 12 వోల్టుల ఆంపియర్లే మీరు చదవవలసింది. 550 వాట్లదని చెప్పిన దానిలో ఆ మార్గం 40 ఆంపియర్లకు తక్కువగా ఉంటే పక్కన పెట్టేయండి. 80 ప్లస్ గుర్తు విద్యుత్తు ఎంత వృథా అవుతుందో చెబుతుందే తప్ప, లోపలి భాగాల మన్నికకు హామీ కాదు. అందుకే వారంటీ ఎన్నేళ్లో కూడా అడగాలి, అయిదేళ్లు ఇచ్చేవి దొరుకుతాయి. వైర్లు విడదీయగల రకం తీసుకుంటే, ఆ పెట్టెలో వచ్చిన వైర్లనే వాడండి. కార్డు వైపు కొన ఒకేలా ఉన్నా ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీకి ఒకలా ఉంటుంది. వేరేదాని వైరు సరిగ్గా దూరిపోయి, హార్డ్ డిస్కునో బోర్డునో కాల్చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

మీ ఇంట్లో యూపీఎస్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే అది బహుశా అందరిళ్లలో ఉండే 600 వీఏ రకమే అయివుంటుంది. దాని అసలు సామర్థ్యం సాధారణంగా 360 వాట్లు. కొత్త కార్డు పెట్టాక పెద్ద ఆటలో మీ సిస్టమ్, మానిటర్ కలిసి గోడ నుంచి 350 వాట్ల దగ్గరకు వెళ్లగలవు. అప్పుడు కరెంటు పోతే, పాతబడిన బ్యాటరీతో అది నిలబడుతుందని నమ్మలేం. ఇప్పుడే కొత్తది కొనమని అనను, కానీ మంచి ఎస్‌ఎంపీఎస్ పెట్టాక కూడా కరెంటు పోయినప్పుడల్లా సిస్టమ్ ఆగిపోతే, నేరం కార్డుది కాదని గుర్తుంచుకోండి.

ఇక రెండో జబ్బు. వాలరెంట్ లాంటి ఆటల్లో బొమ్మ తేలిక, లెక్కలు ఎక్కువ. ఒక్కో ఫ్రేమును ప్రాసెసర్ సిద్ధం చేసి అందిస్తేనే కార్డు దాన్ని గీయగలదు. ప్రాసెసర్ సెకనుకు 110 మాత్రమే అందిస్తుంటే, ఎంత ఖరీదైన కార్డు పెట్టినా 110 దాటదు. అందుకే వాలరెంట్‌లో కొలిచి కార్డు పనికిరానిదని తేల్చడం ఆ కార్డుకు అన్యాయం. దీన్ని మీరే సరిచూసుకోవచ్చు: ఆట నడుస్తుండగా గ్రాఫిక్స్ కార్డు వాడకం 95 శాతం పైన ఉంటే అడ్డు కార్డే, 50, 60 దగ్గర తిరుగుతుంటే అడ్డు ప్రాసెసరో ర్యామో. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ మొత్తం వాడకం 40 శాతమే చూపించిందని మోసపోకండి. పన్నెండు థ్రెడ్లున్న, అంటే ఒకేసారి పన్నెండు పనుల వరసలు నడిపే ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ ఊపిరాడకుండా పనిచేస్తున్నా మొత్తంలో అది ఎనిమిది శాతమే.

అయితే ఇక్కడ మీకు పైసా ఖర్చు లేని మరమ్మతు ఒకటి ఉంది. మీరు రెండు ర్యామ్‌లను పక్కపక్క స్లాట్లలో పెట్టానన్నారు. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి మొదటి రెండూ ఒకే దారికి చెందుతాయి, తర్వాతి రెండూ మరో దారికి. రెండు ర్యామ్‌లూ ఒకే దారిలో ఉంటే, రెండు ర్యామ్‌ల డబ్బు పెట్టి ఒక దారి వేగమే పొందుతున్నట్టు. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో ఒకటి, నాలుగో స్లాటులో ఒకటి పెట్టండి. తర్వాత బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే బోర్డు సొంత ప్రోగ్రామ్‌లోకి) వెళ్లి ర్యామ్ వేగం దాని పెట్టె మీద ఉన్నంత చూపిస్తుందో లేదో చూడండి, లేకపోతే ఎక్స్‌ఎంపీ అనే అమరికను ఆన్ చేయండి. రెండింటి వేగాలు వేరైతే తక్కువదాని వేగానికే రెండూ నడుస్తాయి. వేగం పెంచాక సిస్టమ్ తడబడితే ఒక మెట్టు దించండి. మొదటి తరాల రైజెన్‌లు ర్యామ్ వేగం మీద బాగా ఆధారపడతాయి కాబట్టి, కాల్పుల సమయంలో 70కి పడిపోవడం దీనితోనే కొంత తగ్గే అవకాశం గట్టిగా ఉంది. అన్నట్టు, మీ మానిటర్ సెకనుకు 75 బొమ్మలకు మించి చూపించలేదు. 110ని 160 చేసుకోవడానికి వేలు ఖర్చు పెట్టేముందు, ఆ తేడాలో మీ కంటికి చేరేది ఎంత అన్నది ఒకసారి ఆలోచించండి. మీకు నిజంగా అవసరమైంది పైకి ఎక్కడం కాదు, కింద పడకుండా ఉండటం.

దుకాణదారు మాటల్లో రెండు తప్పులు, ఒక నిజం ఉన్నాయి. బోర్డు కార్డుకు సరిపోదన్నది తప్పు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో పాత బోర్డు మీద కొత్త కార్డు తక్కువ వేగంతో నడుస్తుందే గానీ నడవకపోవడం ఉండదు. ఆర్‌టీఎక్స్ 5060 ఎనిమిది లేన్లతో (డేటా దారులతో) అయిదో తరం వేగానికి చేసినది, మీ బీ450 బోర్డు మూడో తరందే ఇస్తుంది. కార్డు లోని 8 జీబీ మెమరీ నిండనంత వరకు దీనివల్ల నష్టం స్వల్పమే. మెమరీ నిండేలా టెక్స్‌చర్లను (బొమ్మల ఉపరితల వివరాల నాణ్యతను) అల్ట్రాలో పెడితే మాత్రం ఇరుకు దారి తెలిసివస్తుంది, ఒక మెట్టు తగ్గించుకుంటే పోతుంది. విండోస్ 11 నడవదన్నదీ తప్పే. మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ప్రాసెసర్ల జాబితాలో రైజెన్ 5 2600 ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది కాబట్టి మారవలసిందే గానీ, బయోస్‌లో టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా అమరికలు ఆన్ చేసుకుంటే ఉన్న సిస్టమ్ మీదే మారవచ్చు. ఇక నిజం ఏమిటంటే, మీ ప్రాసెసర్ ఈ కార్డుకు వెనకబడే ఉంది. ఆయన్ను మోసగాడని నేను అనుకోవడం లేదు. రకరకాల పాత భాగాలకు పూచీ పడటం కంటే మొత్తం కొత్త సెట్టు అమ్మడం ఏ దుకాణానికైనా సుఖం. కానీ ఆయన రాసిచ్చిన అంచనాను మళ్లీ ఒకసారి చదవండి. అందులో ఎస్‌ఎంపీఎస్ లేదు. 58 వేలు పోసి అన్నీ మార్చినా, అదే పాత ఎస్‌ఎంపీఎస్ మీద మీ సిస్టమ్ పది నిమిషాలకు ఆగిపోయేదే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మీ నాన్నగారు చెప్పినట్టు కార్డు వాపసు చేయవచ్చు. అలా చేస్తే ముందు అమ్మకందారు షరతులు చదవండి, పెట్టె తెరిచాక డబ్బు కాకుండా మార్పిడి మాత్రమే ఇచ్చేవాళ్లు ఉంటారు. డబ్బే వస్తే, 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 లాంటి 70 వాట్ల కార్డు తీసుకోవచ్చు. విడిగా వైరు అడగని రకం చూసుకుంటే పాత ఎస్‌ఎంపీఎస్ మీదే నడుస్తుంది, చాలా డబ్బు మిగులుతుంది. కానీ అది 5060కు దరిదాపుల్లో కూడా ఉండదు, రెండేళ్లలో మళ్లీ ఇదే ఉత్తరం రాయవలసి రావచ్చు. పైగా లేబుల్ మీద 450 రాసి, 12 వోల్టుల మార్గంలో 216 మాత్రమే ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ ఇంట్లో అలాగే ఉండిపోతుంది. అది నాకు నచ్చని విషయం.

మీ స్నేహితుడు చెప్పినట్టు ఎస్‌ఎంపీఎస్ ఒక్కటి మార్చి, ర్యామ్ స్లాట్లు సరిచేసుకోవచ్చు. మీ 22 వేలలో సగం కూడా ఖర్చు కాదు. పెద్ద ఆటలు కార్డు సత్తా చూపిస్తాయి, వాలరెంట్ ఇప్పటికన్నా నిలకడగా నడుస్తుంది గానీ అంకె పెద్దగా పెరగదు. 75 హెర్ట్జ్ మానిటర్ ఉన్నంతకాలం ఇది చాలని నా అభిప్రాయం. మీ స్థానంలో నేనుంటే ఇక్కడే ఆగి, ఒక నెల ఆడి చూస్తాను.

ఆ నెల తర్వాత కూడా ప్రాసెసర్ వెనకబాటు బాధిస్తుంటే, బోర్డు మార్చకుండానే అదే ఏఎం4 సాకెట్‌లో రైజెన్ 5 5600 వేయవచ్చు. ఇదీ ఆరు కోర్లదే, 65 వాట్లదే, కానీ ఆటల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. పేర్ల దగ్గర జాగ్రత్త: 5500, 5600జీ అనేవి చూడటానికి తోబుట్టువుల్లా ఉన్నా వాటిలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 16 ఎంబీయే, 5600లో 32. అయితే 2019 నాటి బయోస్ ఈ ప్రాసెసర్‌ను గుర్తించదు. ముందు పాత ప్రాసెసర్‌తోనే బయోస్ అప్‌డేట్ చేసి, అది సరిగ్గా బూట్ అయ్యాక కొత్తది వేయాలి, వరస తిరగబడితే తెర మీద ఏమీ కనబడదు. విండోస్‌లో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే అప్‌డేట్‌కు ముందే రికవరీ కీ రాసిపెట్టుకోండి. కూలర్ విప్పేముందు సిస్టమ్‌ను పది నిమిషాలు నడిపి, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్యనున్న పేస్టు వేడెక్కనిచ్చి, తర్వాత ఆపి ప్లగ్గు తీసి, కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయండి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, గట్టిగా లాగితే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చి పిన్నులు వంగుతాయి.

దుకాణదారు చెప్పిన ఏఎం5 దారి చెడ్డది కాదు, మీకు ఇప్పుడు ఖరీదైనది. ఏఎం4 శ్రేణి 5000తో ముగిసింది, ఏఎం5ను 2027 వరకు, ఆపైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది, కాబట్టి ముందుకు చూస్తే అందులో అర్థముంది. కానీ ఆ బోర్డులో డీడీఆర్5 తప్ప పట్టదు. దాని గాడి వేరేచోట ఉంటుంది కాబట్టి మీ పాత ర్యామ్ రెండూ మూలపడతాయి, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు చుక్కలు చూపిస్తున్నాయి. పాత విండోస్ లైసెన్సు సిస్టమ్‌తో పాటు వచ్చినదైతే బోర్డు మారగానే అదీ పోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ కూడా కలుపుకుంటే మీ దగ్గరున్నదానికి మూడింతలు అవుతుంది, మిగతాది వాయిదాల మీద తెచ్చుకోవాలి. ఇంట్లో ఇప్పుడున్న వాతావరణంలో ఆ వాయిదాల మాట ఎలా వినబడుతుందో నాకన్నా మీకే తెలుసు.

మీ నాన్నగారికి ఫ్రేముల గురించి చెప్పకండి. ఎస్‌ఎంపీఎస్ ఆయన ముందు పెట్టి లేబుల్ చదివించండి, పన్నెండు వోల్టులు, పద్దెనిమిది ఆంపియర్లు, ఇంత లోడ్ అని చెప్పి, ఆ మోలెక్స్ వైరు చేతికివ్వండి. రోజూ తీగ గేజి చూసి మోటారుకు చుట్టే మనిషికి ఇంతకు మించి వివరించనక్కర్లేదు. యంత్రాన్ని పాడుచేశావన్న ఆయన మాటలో కూడా సగం నిజముందని, ఆ వైరు పెట్టడం మీ పొరపాటని ముందు మీరే అనేస్తే మిగతా సంభాషణ తేలికవుతుంది.

ఏ దారి ఎంచుకున్నా చెల్లెలి పరీక్ష అయ్యేదాకా బయోస్ అప్‌డేట్ జోలికి వెళ్లకండి, మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. పాత 1050 టీఐను కూడా అప్పటిదాకా ఎవరికీ అమ్మకండి. మీ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ లేదు, కార్డు లేకపోతే ఆమె తరగతి కూడా ఉండదు. ప్రాసెసర్ మార్చే ఆలోచన గట్టిపడితే, బోర్డు మీద ముద్రించిన పూర్తి పేరు, దాని పక్కనే చిన్నగా ఉండే రివిజన్ సంఖ్య రాసి పంపండి. ఒకే పేరుతో ఉన్న బోర్డుల్లో కూడా రివిజన్‌ను బట్టి బయోస్ ఫైలు మారుతుంది.